బకెట్టు నిండాక

అక్కణ్ణించి కాదు మనవరాలా, అది కొట్టెయ్. నేను పుట్టిన ఊరు, మా అయ్య పేరు ఎవరికి కావాలి. మీ నాయనమ్మ కుట్టుమిషను ఇంట్లోంచి వెళ్ళిపోయిన రోజు నుంచి మొదలుపెట్టు. నేను మెల్లగా చెప్తాను, నువ్వూ మెల్లగానే రాయి. మధ్యలో ఆగితే నిద్రపోయాననుకోకు, గుర్తు తెచ్చుకుంటున్నాననుకో.

అరవై ఎనిమిదో సంవత్సరం, జూలై నెల. ఆ ఏడు కింగ్‌స్టన్‌కి వాన మొహం చాటేసింది. మా సందు మొత్తానికి ఒకటే కుళాయి, అందులోంచి దారప్పోగంత నీళ్ళు. నేను ఇంటి పక్కన షెడ్డులో చెక్కపని చేసేవాణ్ణి. డ్యాన్సుల్లో పాటలు వేసే కౌంట్ ఎగ్బర్ట్‌కి స్పీకరు పెట్టెలు చెయ్యడం అప్పట్లో నా పని. బీరువా అంతేసి పెట్టెలు. ఉన్నప్పుడు ఇచ్చేవాడు, లేనప్పుడు ఒక పాట వినిపించి పంపేవాడు. ఇల్లు నడిచేది మాత్రం ముందుగదిలో మీ నాయనమ్మ అయోనీ మిషను మీదే. సందులో పెళ్ళి గౌన్లూ, బడిపిల్లల యూనిఫారాలూ అన్నీ ఆ సూది కిందనుంచి వచ్చినవే.

ఆరోజు మధ్యాహ్నం భోజనానికి లోపలికి వద్దామని చెయ్యి కడుక్కుంటుంటే, ఇద్దరు మనుషులు ఆ మిషనుని తోపుడుబండి మీదకి ఎక్కిస్తున్నారు. అయోనీ గుమ్మంలో నిలబడి, కాళ్ళు జాగ్రత్త, కాళ్ళు జాగ్రత్త అంటోంది. వాళ్ళ కాళ్ళు కాదు, మిషను కాళ్ళు.

"ఎక్కడికే అది?"

"మిస్టర్ ల్యూ స్టూడియోకి."

"ఆయనకి కుట్టుపనెందుకు?"

"ఆయనకి కాదు, వాళ్ళ చెల్లెలికి. నాకు ఒక పూట స్టూడియో ఇస్తున్నాడు. వాయించేవాళ్ళతో సహా."

"మిషను ఇచ్చి పాట కొన్నావా?"

"ఊరికే ఇచ్చెయ్యలేదయ్యా. ఆగస్టు దాటేలోగా ఆ పాట గ్రామఫోను ప్లేటు ఆడిందనుకో, ఆయన బాకీ తీరి మిషను వెనక్కి వస్తుంది. ఆడకపోతే వాళ్ళ చెల్లెలిది."

"మరి గుడ్డలు?"

"చేత్తో కుడతాను."

"సెప్టెంబరులో బళ్ళు తెరిస్తే సందంతా యూనిఫారాలకి నీ మీదకి వస్తుంది. చేత్తో కుడతావా?"

ఆవిడ నోట్లో గుండుసూదులున్నాయి. వాటిని తియ్యకుండానే అంది, "పాట ఆడుతుంది. నువ్వెళ్ళి చేప తిను, చల్లారిపోతోంది."

పాట ఎవరిదంటావా, లాసెల్స్‌ది. రొట్టెల బండి తోసుకుంటూ వచ్చే సన్నటి కుర్రాడు. పొద్దున్నే కుళాయి దగ్గర బండి ఆపి, గొంతు తడుపుకుని, ఏదో ఒకటి పాడేవాడు. ఆ పాట మొదలైనప్పుడల్లా ముందుగదిలో మిషను చప్పుడు ఆగిపోయేది. అది నాకు షెడ్డులోకి తెలిసేది. అతను బండి తోసుకుని వెళ్ళిపోయాకే మళ్ళీ టకటక మొదలయ్యేది.

పాటలో కథ ఉంది. కుళాయి దగ్గర ఒకడు ఒక పిల్లని అడుగుతాడు, ఆదివారం నాతో వస్తావా అని. పిల్ల, బకెట్టు నిండనీ, నిండాక చెప్తా అంటుంది. అది మొదటి చరణం. రెండో చరణంలో నీళ్ళు దారంలా పడుతుంటాయి. వెనకవాళ్ళు తిడుతుంటారు, ఎండ నెత్తిమీదకి వస్తుంది, వాడు బకెట్టు వంకే చూస్తుంటాడు. మూడో చరణంలో బకెట్టు నిండుతుంది, పిల్ల జవాబు చెప్తుంది. అంతే. కానీ లాసెల్స్ పాడితే ఆ నీళ్ళెప్పుడు నిండుతాయా అని మనకే గొంతెండిపోయేది.

పాట తీసే రోజు నేనూ వెళ్ళాను. స్టూడియో అంటే ఒక గది. గోడలకి చెక్క, చెక్క వెనక కొబ్బరిపీచు. వాయించేవాళ్ళూ, పాడేవాడూ అందరూ అందులోనే. ఎవరి చప్పుడైనా ఒకే టేపులోకి పోవాల్సిందే, మళ్ళీ విడదీసేది లేదు. అద్దం అవతల మిస్టర్ ల్యూ. మేమిద్దరం గోడ పక్కన స్టూళ్ళమీద, ఊపిరి కూడా చూసుకుని పీల్చాలి.

పొద్దంతా కుదర్లేదు. ఒకసారి పియానో తప్పింది, ఒకసారి లాసెల్స్‌కి దగ్గొచ్చింది. డ్రమ్ములాయన పాటని నెమ్మదిగా ఊపుతున్నాడు, ముందటేడు అందరూ ఊపినట్టు. అయోనీ లేచి వెళ్ళి, "బాబూ, ఆ పిల్ల నీళ్ళకొచ్చింది, ఊయలూగడానికి రాలేదు. లైనులో నిలబడితే కాళ్ళు ఎలా ఎగరేస్తాం, అలా కొట్టు" అంది. ఆయన పుల్లలు పక్కన పెట్టి ఆవిడ కాళ్ళకేసి చూశాడు. ఆవిడ ఎగరేసి చూపించింది. గిటారు అబ్బాయి నవ్వి, చిక్ అనాల్సిన చోట చిక-చిక్ అన్నాడు. ఆ ఏడే పాటల నడక అలా మారింది. దాన్ని రెగే అని కొందరు, ఇంకేదో అని కొందరు, పేరింకా ఎవరికీ ఖాయం కాలేదు. మాకు మాత్రం నీళ్ళ లైను అంతే.

మళ్ళీ ఎత్తుకున్నారు. ఈసారి ఎక్కడా తప్పలేదు. మొదటి చరణం అయింది. రెండోది అయింది. లాసెల్స్ కళ్ళు మూసుకుని, "బకెట్టు నిండింది" అని గొంతెత్తాడు.

ఢాం ఢాం అని గోడ మోగింది.

అయోనీ. స్టూలు మీంచి లేచి, అరచేత్తో చెక్కని బాదేసింది. డ్యాన్సులో పాట నచ్చితే మనవాళ్ళు చప్పట్లు కొట్టరుగా, దగ్గర్లో రేకుంటే రేకు, గోడ ఉంటే గోడ బాదుతారు. అప్పుడు ప్లేటు వేసేవాడు ముల్లెత్తి మళ్ళీ మొదట్నించీ వెయ్యాలి. వెయ్యకపోతే వాణ్ణి బతకనివ్వరు. ఆవిడకి చిన్నప్పట్నించీ ఉన్న అలవాటు అది, చెయ్యి తనంతట తను లేచింది. వాయించేవాళ్ళు మంచివాళ్ళు, ఆపలేదు, చివరిదాకా లాగేశారు.

అయోనీ తన చేతిని పరాయివాళ్ళ చెయ్యిలా చూసుకుంటోంది.

అద్దం వెనకనుంచి మిస్టర్ ల్యూ వచ్చాడు. "అంతకంటే బాగా వాళ్ళు ఇక పాడలేరమ్మా. కానీ టేపులో మీ చెయ్యి పడింది."

"ఇంకోసారి తీద్దాం."

"పూట అయిపోయింది. బయట వేరే బ్యాండువాళ్ళు బూరలతో నిలబడ్డారు."

డ్రమ్ములాయన పుల్లలు సర్దుకుంటూ, "మిస్ అయోనీ, నా ఇన్నేళ్ళ వాయింపులో పాట తీయించినావిడే పాట పాడుచెయ్యడం ఇదే చూడ్డం" అన్నాడు.

"నచ్చిందయ్యా, ఏం చెయ్యను."

ఇంటిదారి పట్టాం. నేనే, పోనీలే, ఎవరికి వినపడుతుంది అన్నాను. నా వంక ఎలా చూసిందంటే, ఆ చూపు గురించి రాయొద్దులే.

ప్లేటు తయారవడం ఒక ఎత్తు, అది డ్యాన్సులో పడ్డం ఒక ఎత్తు. ముందు ఒక మెత్తటి ప్లేటు కోసి ఇస్తారు, ఊరికే అరిగిపోయే రకం. దాన్ని సౌండున్నవాడు, అంటే డ్యాన్సుల్లో పాటలు వేసే సామానున్నవాడు ఎవడైనా, జనంలో వెయ్యాలి. జనం ఊఁ అంటే గట్టి ప్లేట్లు కొడతారు, లేదంటే అంతటితో సరి. మాకు తెలిసిన సౌండు కౌంట్ ఎగ్బర్ట్‌దే. అయోనీ ఆయన దగ్గరికి ప్లేటు పట్టుకెళ్ళింది. ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని మామిడిపండు తింటున్నాడు.

"కుట్టుపనావిడ పాటా? అంచులు మడిచి కుట్టావా, అలాగే వదిలేశావా?"

"వేసి చూడండి."

"మిస్ అయోనీ, నేను కౌంట్ ఎగ్బర్ట్‌ని. కనపడ్డ ప్లేటల్లా వేస్తే నన్ను ఎవరు లెక్కచేస్తారు?"

"కౌంటు అయితే ముందు మీ చొక్కా గుండీలు లెక్కపెట్టుకోండి, ఒకటి తక్కువుంది."

ఆయన కిందికి చూసుకున్నాడు. నిజంగానే లేదు. అప్పుడు మెత్తబడి అసలు సంగతి చెప్పాడు. ఆగస్టు స్వాతంత్ర్యం సెలవుకి పట్టపగలే పెద్ద డ్యాన్సు పెడుతున్నాడు. దానికి ఆయనకొక అంగీ కావాలి. భుజాలమీంచి నేలదాకా జారే అంగీ, నల్లటిది, లోపల ఎర్ర పట్టు. దర్జీలంతా అంత తొందరగా కుట్టలేమన్నారు.

"నేను కుడతాను" అంది అయోనీ. "ఒక్కసారి వెయ్యండి నా పాట."

"నీ మిషను ల్యూ దగ్గరుందని విన్నానే?"

"నా చేతులు నా దగ్గరే ఉన్నాయి."

"సరే, ఒక్కసారి. అదీ జనం రాకముందు."

ఆ వారమంతా ఆవిడ ఎర్ర పట్టులో మునిగిపోయింది. వేలి చివర్లు కాయలు కాచాయి. నేను వంట చేశాను. మీ నాయనమ్మ దాని గురించి కూడా ఏదో అంటుంది, పట్టించుకోకు.

సెలవు రోజు డ్యాన్సు దొడ్డికి మేము ముందే వెళ్ళాం. చుట్టూ రేకుల కంచె, ఒక మూల వేయించిన చేపలు, ఇంకో మూల మేక పులుసు కుండ. నా పెట్టెలు నాలుగు దిక్కులా నిలబెట్టారు. ఎగ్బర్ట్ ఆ ఎండలో అంగీ తొడుక్కుని వచ్చాడు. చెమటలు కారిపోతున్నాడు గానీ విప్పట్లేదు. అటు తిరిగితే ఎరుపు, ఇటు తిరిగితే నలుపు. "ఎలా ఉన్నాను మేస్త్రీ?" అన్నాడు. "మీ పెట్టెలకంటే మీరే బాగా మోగుతున్నారు" అన్నాను.

జనం రాకముందు వేస్తానన్నవాడు, అంగీ అందరికీ చూపించుకోవాలని తచ్చాడాడు. ఈలోపు దొడ్డి సగం నిండింది. అప్పుడు మైకు పట్టుకుని, "ఇది ఒక కుట్టుపనావిడ ప్లేటు. మాటిచ్చాను కాబట్టి వేస్తున్నాను. తర్వాత అసలు పాటలు" అన్నాడు. అయోనీ నా చెయ్యి పట్టుకుంది.

పాట మొదలైంది. చేపల దగ్గర నిలబడ్డవాళ్ళు తలెత్తారు. చిక-చిక్, చిక-చిక్. ఒకావిడ లైనులో నిలబడ్డట్టు కాలెగరేసింది. వస్తావా నాతో అని లాసెల్స్ అడిగాడు. బకెట్టు నిండనీ అంది పిల్ల. జనం ఇటొక అడుగు, అటొక అడుగు వేస్తూ నా పెట్టెల దగ్గరికి జరిగారు. ఆ ఏడు అందరూ కుళాయి దగ్గర నిలబడ్డవాళ్ళే మరి. బకెట్టు నిండింది.

ఢాం ఢాం.

ఎగ్బర్ట్ చటుక్కున ముల్లెత్తేశాడు.

నాకు ముందు అర్థం కాలేదు. అయోనీకి వెంటనే అర్థమైంది. పెట్టెల్లోంచి వచ్చిన ఆ చప్పుడు కంచె మీద చప్పుడనుకున్నాడాయన. ఎవరో రేకు బాదారు, మళ్ళీ మొదట్నించీ వెయ్యమంటున్నారు అనుకున్నాడు. వేలెత్తి మైకులో, "ఎవరా కొట్టింది? ఎవరో సంగీతం తెలిసినవాళ్ళే. సరే, మీ మాటే" అని ముల్లు మళ్ళీ మొదట్లో పెట్టాడు.

నేను నోరు తెరిచాను, చెప్దామని. అయోనీ మడమతో నా పాదం తొక్కింది. ఇంకా నొప్పే.

రెండోసారి అదే చోట ఢాం ఢాం. మళ్ళీ ఎత్తాడు. ఈసారి జనం కేకలేశారు, జవాబు వినబోతుంటే ఆపాడు కదా. కోపంతో సగం మంది, సరదాతో సగం మంది కంచె రేకులు నిజంగానే బాదారు. బాదితే ఏమవుతుంది, మళ్ళీ మొదట్నించీ. మూడోసారి ఆ చోటు రాకముందే దొడ్డి నాలుగు వైపులా రేకులు మోగిపోతున్నాయి. చేపలు వేయించే ఆవిడ పెనం మీద గరిటెతో కొడుతోంది. ఎగ్బర్ట్ అంగీ రెక్కల్లా ఎగరేస్తూ ముల్లెత్తడం, పెట్టడం, ఎత్తడం. ఆయన బతుకులో ఒక ప్లేటుకి అన్నిసార్లు రేకులు మోగలేదు.

నా పక్కన ఒక పెద్దాయన అరుస్తున్నాడు, "ఒరేయ్ ఎగ్బర్టూ, ఆ పిల్ల ఏమందో చెప్పనీరా."

చెప్పనివ్వలేదు. మెత్తటి ప్లేటు కదా, అన్నిసార్లు ముల్లు దించేసరికి ముందు భాగం అరిగి, నూనెలో చేపలు వేగుతున్న చప్పుడొచ్చింది. చివరికి ముల్లు జారి అవతల పడింది. ఎగ్బర్ట్ ప్లేటుని ఎండకెత్తి చూసి, "దీని పని అయిపోయింది" అన్నాడు. దొడ్డంతా అయ్యో అంది. ఆ పాట చివర ఏముందో అక్కడ ఒక్కరూ వినలేదు.

అయోనీ నా భుజానికి మొహం ఆనించి వణుకుతోంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. ఎత్తి చూస్తే నవ్వు. ఊపిరి ఆడటం లేదు నవ్వుకి.

మర్నాడు పొద్దున్నే మా గేటు దగ్గర మనుషులు. "మిస్ అయోనీ, ఆ పిల్ల ఏమంది?"

ఈవిడ కిటికీలోంచి, "ప్లేటు వస్తోంది, కొనుక్కోండి. అదే చెప్తుంది."

"కాస్త ముందు చెప్తే ఏం పోయింది?"

"రొట్టె కొనకముందే కొరుకుతారా?"

మిస్టర్ ల్యూ స్వయంగా వచ్చాడు. గట్టి ప్లేట్లు కొట్టే ముందు, కావాలంటే టేపు అక్కడ కోసి ఆ చప్పుడు తీసేద్దామా అన్నాడు. కోస్తే ఒక మాట కూడా పోతుందట. అయోనీ ఆలోచించలేదు. "ఉండనివ్వండి. ఊళ్ళోవాళ్ళకి అది నా చెయ్యని తెలీదు, వాళ్ళ చెయ్యే అనుకుంటున్నారు" అంది.

గట్టి ప్లేట్లు వచ్చిన రోజు ముందుగది కిటికీకి నేనొక పలక బిగించాను, దానిమీద పెట్టి అమ్మడానికి. లైను సందు చివర దాకా, నీళ్ళ లైనుని దాటిపోయింది. కొన్నవాళ్ళు కొన్నట్టే ఎవరింట్లో గ్రామఫోను ఉంటే అక్కడికి పరిగెత్తారు. కాసేపటికి ఆ ఇంట్లోంచీ ఈ ఇంట్లోంచీ నవ్వులు వినపడ్డాయి.

అప్పుడొచ్చింది పాన్సీ. సందు ఆ చివర ఉండే పిల్ల. నడుం మీద బకెట్టు, మొహం ధుమధుమలాడుతోంది. లైనుని పక్కకి తోసి కిటికీ దగ్గరికొచ్చింది.

"మిస్ అయోనీ, ఇదేం పద్ధతి? కుళాయి కాడికి పోతే ఒకరు, మార్కెట్టుకి పోతే ఒకరు, నువ్వేమన్నావే అని నన్నడుగుతున్నారు. నేనేమన్నానో నాకు చెప్పండి ముందు."

"నువ్వేనా ఆ పిల్లవి?"

"అందరూ అంటున్నారు."

లాసెల్స్ రొట్టెల బండి వెనక వంగి, చక్రం చూస్తున్నట్టు నటిస్తున్నాడు. చక్రానికేం కాలేదు. అయోనీ ఎవరికీ ఊరికే వినిపించనిది, పాన్సీకి మాత్రం గ్రామఫోను మీద మొత్తం వేసింది. పాన్సీ బకెట్టు కింద పెట్టకుండానే వింది. మూడో చరణంలో బకెట్టు నిండుతుంది. పిల్ల, ముందు దీన్ని నా నెత్తికి ఎత్తు అంటుంది. వాడు తొందరలో ఎత్తుతాడు, నీళ్ళు ఒలికి వాడే నిలువునా తడిసిపోతాడు. పిల్ల నవ్వి వెళ్ళిపోతుంది, కానీ మెల్లగా నడుస్తుంది. అంతే జవాబు.

పాట అయిపోయాక పాన్సీ, "నేనలా నవ్వను" అంది.

"మరెలా నవ్వుతావు?" అంది అయోనీ.

పిల్ల పెదాలు బిగించింది. నిలవలేదు, నవ్వేసింది. నవ్వాక బండి వెనక్కి చూసి గట్టిగా అంది, "పాట కట్టినవాడికి నోరుందిగా. కుళాయి కాడికొచ్చి అడగమనండి. ప్లేట్లో అడిగితే జవాబు ఊరందరికీ చెప్పాలి నేను." లైనులో జనం లాసెల్స్‌ని రెక్కలు పట్టుకుని లేపారు. ఆ రోజు అతను సగం రొట్టెలు ఊరికే పంచేశాడు. పాన్సీ ఇంటికి వెళ్ళలేదు, కిటికీ దగ్గర నిలబడి సాయంత్రం దాకా మాకు ప్లేట్లు అందించింది.

ఆగస్టు ఇంకా ఉండగానే, ఒక పొద్దున తోపుడుబండి మీద కుట్టుమిషను మా గేటు ముందు ఆగింది. వెనక మిస్టర్ ల్యూ, టోపీ చేత్తో పట్టుకుని.

"అమ్మా, మీ బాకీ తీరింది. మీ వస్తువు మీరు తీసుకోండి."

సందులో ఆడవాళ్ళు చూసి పెద్దగా సంతోషించారు. బళ్ళు తెరిచే రోజులు దగ్గర పడ్డాయి మరి, యూనిఫారం గుడ్డలు మా బల్లమీద గుట్టగా ఉన్నాయి. అయోనీ మెట్లు దిగి వచ్చి, మిషను చక్రాన్ని చేత్తో ఒకసారి తిప్పింది. నూనె వేశారు, చప్పుడు లేకుండా తిరిగింది. మా మెట్లమీద అప్పటికే కొందరు కూర్చుని ఉన్నారు. పాడతామని వచ్చిన అక్కచెల్లెళ్ళిద్దరు, ఒళ్ళో బూర పెట్టుకున్న ఒక ముసలాయన. ఒక్కసారి వినండి మిస్ అయోనీ అని పొద్దున్నించీ అడుగుతున్నారు. ఆవిడ వాళ్ళ వంక చూసింది. మళ్ళీ మిషను వంక చూసింది.

"మీ చెల్లెలికి ఇది బాగా కుదిరిందా?" అంది ల్యూతో.

"ఏడుస్తోందమ్మా, తీసుకొస్తుంటే."

"అయితే ఆమె దగ్గరే ఉంచండి. ఈ గుడ్డలు కూడా పట్టుకెళ్ళండి, బళ్ళు తెరిచేలోగా కుట్టి ఇమ్మనండి, కూలీ ఆమెదే. నాకు ఇంకో రెండు పూటలు ఇవ్వండి."

మిస్టర్ ల్యూ టోపీ పెట్టుకుని, మళ్ళీ తీసి, నా వైపు తిరిగాడు. "మేస్త్రీ, మీరేమంటారు?"

నేను షెడ్డు గుమ్మంలో చెక్క చిత్రిక పడుతున్నాను. "నన్నడుగుతారేం. మెట్లమీద ఎంతమంది పడతారు, నేను బెంచీ చేస్తున్నాను" అన్నాను.

అంతే మనవరాలా. బండి వెనక్కి తిరిగింది. అయోనీ ముందుగదిలో మిషను ఉండే చోట ఊడ్చి, అక్కచెల్లెళ్ళని పిలిచి నిలబడమంది. "ఎవరు ముందు పాడతారు? సిగ్గుపడితే ఇద్దరూ ఒకేసారి పాడండి" అంది. ఆ తర్వాత ఆ గదిలో పాడనివాళ్ళు ఎవరున్నారో చెప్పడం తేలిక.

ఇక రాయడం ఆపు. ఆదివారం బర్మింగ్‌హామ్‌కి ఫోను చేసి ఇదంతా పాన్సీకి చదివి వినిపించు. లాసెల్స్ పోయాక ఆ ఇంట్లో ఈ కబుర్లు చెప్పేవాళ్ళు లేరు. పాన్సీకి కళ్ళు ఆనటం లేదు కాబట్టి తనంతట తను చదవలేదు. ఎడమ చెవి వైపు పెట్టుకోమను, అదే పనిచేస్తుంది. తొందరపడకు. ఆవిడ మధ్యలో నవ్వుతుంది, నవ్వడం అయిందాకా ఉండి, అప్పుడు కింది మాట చదువు.